అమ్మిన కలప – అంటు కర్మ

బేరము కుదిరి, సొమ్ము పెట్టెలో పడి, సరకు కొన్నవాని బండికెక్కిన తరువాత ఆ సరకుతో వర్తకునికి సంబంధము తీరినదని లోకము తలచుచున్నది. పద్దు పుస్తకమును అట్లే చెప్పును. జమకు ఖర్చుకు సరిపోయినచో ఆ పుట ముగిసినట్లే. కాని జైన ధర్మము శ్రావకునిచేత మరియొక పద్దు వ్రాయించుచున్నది. అందులో తాను చేసినది ఒక వరుస, ఇతరులచే చేయించినది ఒక వరుస, ఇతరులు చేయగా సరేయన్నది ఒక వరుస. ఈ మూడు వరుసలలో దేనికిని సొమ్ము ముట్టిన దినముతో ముగింపు లేదు.

ఈ మాట సామాన్యముగా మద్యము, మాంసము, ఆయుధములు వంటి వ్యాపారముల విషయమున చెప్పుకొనుట వాడుక. అవి పైకి కనుపించు దోషములు గనుక జైన కుటుంబములు వాటికి దూరముగనే ఉన్నవి. చూపునకు సాధువుగా నుండి, లోపల దోషము దాచుకొన్న సరకు సంగతి ఏమి? అట్టి సరకులలో మందు పట్టించిన కలప యొకటి. నీటిలో నిలుచు గుంజలకు, పడవలకు, రేవు కట్టడములకు వాడు ఈ కలప నుండి రాగి, క్రోమియము, పాషాణము కొంచెము కొంచెముగా నీటిలోనికి దిగుచుండును. దానిని అమ్మినవానికి ఆ నీటిలోని ప్రాణుల బాధలో భాగము కలదా లేదా అనునది ఇక్కడ విచారింపదగిన ప్రశ్న.

యానాము వంటి ఊరికి ఈ ప్రశ్న దూరపు ప్రశ్న కాదు. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో నుండి, నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో భాగముగా నున్న ఈ ఊరు గౌతమీ గోదావరి ఒడ్డున, కోరంగి పాయ చీలుచోట నున్నది. వరదకాలమున ఎఱ్ఱని తీపినీరు, వేసవిలో సముద్రపు పోటుతో వచ్చు ఉప్పునీరు ఈ ఒడ్డును తాకుచుండును. దిగువను కోరంగి మడ అడవులు గలవు. వాటిలో సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర 1978లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడినది. ఆ మడ వేళ్ళ నడుమ బురదలో చేపపిల్లలు, రొయ్యపిల్లలు, పీతలు పెరుగును. ఆవలి కాకినాడ అఖాతములో గుల్లల పరుపులు గలవు. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతము పూర్వము నుండియు కొయ్య ఓడల నిర్మాణమునకు పేరొందినది. కలప, నీరు, ప్రాణి ఈ మూడును ఇంత దగ్గరగా కూడిన చోటు అరుదు.

ఉప్పునీటిలో నిలిచిన కలపకు శత్రువులు కలవు. అందులో ముఖ్యమైన దానిని ఇంగ్లీషువారు ఓడపురుగు అని పిలుతురు. చూచుటకు మెత్తని పొడవాటి పురుగువలె నుండును గాని నిజమునకు అది పురుగు కాదు. తల వద్ద రెండు చిన్న చిప్పలు గల గుల్లజాతి ప్రాణి. ఆ చిప్పలతోనే కలపను గీకి లోపలికి తొలుచుకొని పోవును. పైన సూదిమొనయంత రంధ్రము మాత్రమే కనబడును. లోపల గుంజ జల్లెడ యగును. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్య పి. ఎన్. గణపతి, ఆర్. నాగభూషణం 1950లలో విశాఖపట్నము రేవులో కలపను తొలుచు ఇట్టి ప్రాణులను గూర్చి పరిశోధించిరి. బెస్తవారికి ఈ సంగతి ఏ గ్రంథమును చెప్పనక్కరలేదు. పడవను ఒడ్డుకు లాగి ఎండబెట్టుట, తారు పూయుట, గుగ్గిలము నూనెలతో మరిగించి పట్టించుట వారు తరతరములుగా చేయుచున్న పని.

ఈ బాధకు రసాయనశాస్త్రము చూపిన గొప్ప మందు ఒక తెలుగువాని చేతి మీదుగా వచ్చినది. డెహ్రాడూనులోని అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం 1933లో ఒక మిశ్రమమును కనిపెట్టెను. పాషాణమునకు చెందిన ఆర్సెనిక్ పెంటాక్సైడు ఒక పాలు, మైలుతుత్తము మూడు పాళ్ళు, డైక్రోమేటు నాలుగు పాళ్ళు నీటిలో కలిపి, ఇనుప గొట్టములో నుంచిన కలపలోనికి ఒత్తిడితో ఎక్కింతురు. ఆర్సెనిక్, రాగి అను మూలకముల గుర్తులను జోడించి దీనికి ఆస్క్యూ అని పేరు పెట్టిరి. రాగి బూజును, నాచును అడ్డును. పాషాణము పురుగును అడ్డును. క్రోమియము ఆ రెంటిని కలప నారకు పట్టి ఉంచును. 1938లో దీనికి అమెరికా పేటెంటును లభించినది. కొన్ని దశాబ్దములలో ప్రపంచమంతట విద్యుత్ స్తంభములకు, కంచెలకు, వంతెనలకు, రేవులకు ఈ జాతి మందే ప్రధానమైనది.

ఈ పనిలోని మేలును తక్కువ చేయుట న్యాయము కాదు. మందు లేనిచో కొలది యేండ్లలో పుచ్చిపోవు బూరుగు, రబ్బరు వంటి మెత్తని కలప దీనివలన చిరకాలము నిలిచినది. కొచ్చిన్‌లోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రబ్బరు కలపకు మందు పట్టించి బెస్తవారికి చౌకగా పడవలు తయారగు మార్గము చూపినది. ఒక పడవ రెండింతల కాలము నిలిచినచో ఒక మహావృక్షము అడవిలో నిలిచినట్లే. ఆ చెట్టులోని ఏకేంద్రియ జీవమే గాక, దానిని ఆశ్రయించిన పక్షులు, చీమలు, ఉడుతలు అన్నియు నిలిచినట్లే. వనకర్మను నిందించిన శాస్త్రము ఈ లాభమును కాదనదు.

అయితే పట్టి ఉంచిన మందు అంతయు పట్టుబడి యుండదు. కలప నీటిలో దిగిన మొదటి కొన్ని వారములలో ఎక్కువగాను, పిమ్మట తక్కువగాను, అందులోని లోహములు బయటికి వచ్చును. ఉప్పునీటిలో ముఖ్యముగా వచ్చునది రాగి. మందు కలపలో స్థిరపడుటకు కొన్ని వారముల గడువు కావలెను. ఆ గడువు తీరకుండ పచ్చిపచ్చిగా నీటిలో దింపిన గుంజ నుండి ఇంకను ఎక్కువ దిగును. రంపపు పొట్టు, చిత్రిక పేళ్ళు నీటిలో పడినచో అదే బరువు గల గుంజకంటె ఎన్నో రెట్లు వేగముగా విడుచును. నేల మీద నిలువక గాలిలో నుండు కలపకు ఘనమీటరుకు 4 కిలోల మందు చాలునన్న అమెరికా ప్రమాణములే ఉప్పునీటి గుంజలకు 40 కిలోలు విధించినవి. ఎక్కడ ప్రాణులు ఎక్కువగా తాకునో అక్కడనే విషమును పదింతలు ఎక్కింపవలసి వచ్చుట గమనింపదగినది.

రాగి స్వతహాగా పాపపు వస్తువు కాదు. రొయ్యకు, పీతకు రక్తములో రాగియే ప్రాణవాయువును మోయును. మోతాదు మించినపుడు అదియే విషము. గుల్లల, ముత్యపుచిప్పల పసిపిల్లలు లీటరు నీటిలో గ్రాములో లక్షవ వంతు రాగికే వికారము పొందగలవని పరిశోధనలు చూపినవి. 1990లలో అమెరికాలో జూడిత్ వైస్, పెడ్రిక్ వైస్ అను శాస్త్రజ్ఞ దంపతులు మందు కలపతో గట్లు కట్టిన కాలువలను పరీక్షించిరి. అచటి ముత్యపుచిప్పల మాంసము రాగితో పచ్చబడి యుండెను. అట్టి కలపపై పెరిగిన నాచును నత్తలకు మేపగా అవి చిప్పలలోనికి ముడుచుకొని కదలుట మానినవి, కొన్ని చచ్చినవి. గుంజల చెంతనున్న సన్నని బురదలో లోహములు చేరెను. నీరు బాగుగా పారుచోట కొలది మీటర్ల దూరమునకే ఆ జాడ తగ్గెను. నీరు నిలుచు కాలువలలో అది మిగిలెను.

ఇక్కడ ధర్మవిచారమునకు ఒక ముడి కలదు. కలపను తొలుచు ఓడపురుగు గుల్లజాతిది. ఆ ప్రక్క బురదలో ఎవరి జోలికిని పోక బ్రతుకునది కూడ గుల్లజాతియే. శాస్త్రమున శంఖములు, చిప్పలు, క్రిములు స్పర్శ, రుచి అను రెండింద్రియములు గల జీవులుగా లెక్కింపబడినవి. ఒకదానిని ఆపు విషము రెండవదానిని విడుచునని ఆశించుట వ్యర్థము. దొంగకు పెట్టిన అన్నములో విషము కలిపి ఆ అన్నమును వీధిలో నుంచినవాడు, బాటసారి తిని చచ్చినపుడు తాను దొంగనే తలచితినని చెప్పినచో ఏ పంచాయతీ ఒప్పుకొనును?

వ్యాపారిక హింసను గృహస్థు పూర్తిగా తప్పించుకొనలేడని జైనాచార్యులు ఎరుగుదురు. అందుచేతనే సంకల్పించి చేయు హింసను వేరుగా, ఉద్యోగ వ్యాపారములలో తప్పని హింసను వేరుగా వింగడించి, మొదటిదానిని పూర్తిగను, రెండవదానిని శక్తికొలదిని విడువుమనిరి. ఆచార్య హేమచంద్రుని యోగశాస్త్రము శ్రావకుడు విడువదగిన పదునైదు కర్మాదానములను లెక్కించినది. అందు అడవిని కొట్టి అమ్ముట యొకటి, విషవాణిజ్యము మరియొకటి. మందు కలప అమ్ము వర్తకుడు తాను కలప అమ్ముచున్నానని తలచును. విషము అమ్ముచున్నానని తలపడు. కాని కొన్నవాడు ఎక్కువ ధర యిచ్చుచున్నది ఆ కలపలోని విషమునకే. ధరలో దాని పాలు పుచ్చుకొని, దోషములో దాని పాలు వద్దనుట సరియైన లెక్క కాదు.

హింస యననేమి అను ప్రశ్నకు ఉమాస్వాతి చెప్పిన సమాధానములో ప్రమాదము అను మాట ప్రధానమైనది. తెలుగున ప్రమాదమనగా ఆపద. బండి తిరగబడినను, ఇల్లు కాలినను ప్రమాదమందురు. అందుచేత అది ఎవరి చేతిలోను లేనిదని భావము కలుగుచున్నది. శాస్త్రములో ప్రమాదమనగా ఏమరుపాటు, అజాగ్రత్త. అది పూర్తిగా మనుష్యుని చేతిలోనిదే. యతనతో నడచువాని కాలి క్రింద తెలియక ఒక జీవము పడినను దోషము స్వల్పము. కన్నులు మూసికొని నడచువాని కాలి క్రింద ఏ జీవమును పడకున్నను దోషము కలదు. కామేశం నాటికి గుల్లకు కలుగు హాని ఎవరును కొలిచి చూచినది కాదు. నేడు కొలిచిరి. తెలిసిన పిమ్మట తెలియనట్లు నడచుట ప్రమాదము.

దీనిపై మూడు ఆక్షేపణలు రాగలవు. సముద్రము ఇంత పెద్దది, ఒక గుంజ ఎంతయని మొదటిది. నిజమే, పోటు పాటులతో నీరు తిరుగు నదీముఖమున హాని కొద్ది. కాని చేపపిల్ల పుట్టునది నడిసముద్రములో కాదు. ఒడ్డున, మడ వేళ్ళ మధ్య, నీరు మెల్లగా కదలు చోటున. సన్నని బురద లోహమును పట్టుకొని విడువదు. విషము సముద్రమంతట పంచబడుటకు ముందు మొట్టమొదట తగులునది అతి చిన్న ప్రాణులకు, అతి పసి వయసున.

నేను అమ్మకున్న మరియొకడు అమ్మునని రెండవ ఆక్షేపణ. ఈ మాట పదునైదు కర్మాదానములలో దేనికైనను సరిపోవును. అందుచేతనే దేనికిని సమాధానము కాదు. ప్రక్క అంగడివాని పద్దు అతనిది. నియమము పుచ్చుకొన్నవాడు లోకమునంతను ఆపుదునని పుచ్చుకొనడు.

మూడవది గట్టిది. ఈ మందును విడిచినచో దాని బదులు వచ్చునది మేలైనదా? అమెరికాలో ఇండ్లకు వాడు కలపలో పాషాణపు మందును 2003 చివరతో ఉత్పత్తిదారులే విరమించిరి. ఐరోపా సంఘము 2003 నాటి ఆదేశముతో 2004 మధ్య నుండి దీనిని చాల ఉపయోగములకు నిషేధించినది. సముద్రజలములలోని వాడకము ఆ నిషేధములో చేరి యున్నది. పాషాణము తీసివేసి దాని స్థానమున రాగిని పెంచిన మందులు అంగడిలోనికి వచ్చినవి. పెరటిలో ఆడుకొను పిల్లలకు అది మేలు. కాని ఆ కలప నుండి రాగి పూర్వముకంటె ఎక్కువ దిగుచున్నది, గుల్లకు అది మేలు కాదు. ప్లాస్టిక్ నార పడవ పుచ్చదు, కాని పాతబడిన పిమ్మట మట్టిలో కలియదు. తారునూనె నుండి వేరు విషములు వచ్చును. మంచి టేకు వాడినచో అడవి తరుగును. ఏ దారిలోను హింస సున్న కాదు. ఇది ఒప్పుకొనక తప్పదు.

ఒప్పుకొన్నంత మాత్రమున విచారము ముగియదు. నేరేడు చెట్టు క్రింద చేరిన ఆరుగురు ఆకలిగొన్నవారి కథ జైన బాలురందరు విన్నదే. ఒకడు చెట్టును వేళ్ళతో పెకలింపుమనెను. ఒకడు బోదె నరుకుమనెను. ఒకడు పెద్ద కొమ్మ, ఒకడు గుత్తులు గల రెమ్మ, ఒకడు పండ్లు మాత్రము కోయుమనెను. ఆరవవాడు నేల రాలినవి చాలుననెను. ఆకలి ఆరుగురికిని ఒక్కటే, లేశ్యలు వేరు. ఈ కథ ఆకలి తప్పనలేదు, పండు తినవద్దనలేదు. ఆకలి తీరుటకు ఎంత హాని అవసరమో అంతకు మించి చేయువాని మనసు నల్లబడునని మాత్రమే చెప్పినది. బెస్తవానికి పడవ కావలెను, ఊరికి రేవు కావలెను. ఆ అవసరము తీర్చుటలో కలప వర్తకుడు ఆరుగురిలో ఎవ్వరి ప్రక్కన నిలుచునో అతడే నిర్ణయించుకొనవలెను.

దారి కొంత స్పష్టముగనే ఉన్నది. మొదటిది, చెప్పి అమ్ముట. ఒకదానిని మరియొకటిగా చెల్లించుట అస్తేయ వ్రతమునకు అతిచారమని శాస్త్రము. మందు కలపను ఉత్త కలపగా చూపుట, ఏ మందు పట్టించినదో బిల్లులో వ్రాయకుండుట దాని తోబుట్టువే. రెండవది, గడువు తీరనీయుట. తడి ఆరని, మందు స్థిరపడని గుంజను తొందరకు లొంగి రేవుకు పంపరాదు. పది దినముల వడ్డీకై నీటిని విషపరచుట లాభము కాదు. మూడవది, కోత గట్టు మీదనే జరుగవలెనని కొన్నవానికి చెప్పుట, పొట్టును పేళ్ళను నీటిలో ఊడ్వనీయకుండుట. నాలుగవది, చోటు నడుగుట. పారు నదిలో నిలుచు గుంజ వేరు, నిలుచు కాలువలో, రొయ్యల చెరువు గట్టున నిలుచు గుంజ వేరు. రెండవదానికి కాంక్రీటు చాలునని చెప్పి ఒక బేరము పోగొట్టుకొనుట శ్రావకునికి నష్టము కాదు.

అయిదవది మరువరానిది. అడితిలో మిగిలిన ముక్కలను కూలివారు పొయ్యిలోనికి పట్టుకొనిపోవుట అంతట ఉన్న వాడుక. మందు కలప కాల్చినపుడు పాషాణము పొగలో లేచును, మిగిలినది బూడిదలో నిలుచును. ఆ బూడిదతోనే గిన్నెలు తోమెదరు. రెండింద్రియముల జీవిని గూర్చి విచారించు శ్రావకుడు తన అడితిలో బరువులు మోయు పంచేంద్రియ మనుష్యుని మరచినచో ఆ విచారము పైపూత మాత్రమే. ఆ ముక్కలను వేరుగా నుంచి, పొయ్యికి ఉత్త కలప ముక్కలను అతడే యిప్పింపవలెను. మోయువారికి చేతితొడుగులు అతడే కొని యియ్యవలెను. ఈ ఖర్చు ధర్మఖాతాలో వ్రాయుట కూడ తప్పు. ఇది వ్యాపారపు ఖర్చు.

ఇంతయు పాటింపజాలని చోట, అనగా కొన్నవాడు విననిచోట, సరకు ఎచ్చటికి పోవునో తెలియనిచోట, ఆ సరకును అడితిలో నుంచకుండుటయే మార్గము. పూర్వులు బొగ్గుబట్టీలను, లక్కను, దంతమును ఇట్లే విడిచి వేరు వ్యాపారములలో వృద్ధి పొందిరి. వ్యాపారమున ఒక సరకు తగ్గుట ఇల్లు కూలుట కాదు.

సంవత్సరాంతమున ప్రతి వర్తకుడు నిలువ సరకు లెక్క చూచుకొనును. సంవత్సరికి ప్రతి శ్రావకుడు సమస్త జీవులను క్షమాపణ వేడుకొనును. ఈ రెండు పనులు వేరు వేరు దినములలో జరుగుచున్నవి గనుక ఒకదానికి మరియొకదానితో పని లేదని అనిపించును. నిలువ సరకు చిట్టాను ఒక్కసారి క్షమాపణ దినమున ప్రక్కన పెట్టుకొని చదివినచో, ఏ వరుసలోని ఏ సరకు గౌతమి బురదలోని ఏ జీవికి బాకీ యున్నదో తెలియగలదు. ఆ బాకీ తీర్చు ప్రయత్నము తరువాతి బేరము నుండియే ప్రారంభింపవచ్చును.